కరివేపచెట్టు అతిథులు

మన పల్లెలలో కరివేపచెట్టు లేని పెరడు అరుదు. పోపునకు రెమ్మ కావలసినప్పుడు తప్ప దాని వంక ఎవరును కన్నెత్తి చూడరు. ఆ చెట్టు పూయుననియు, కాయుననియు గూడ చాలమంది గమనింపరు. వేసవిలో తెల్లని చిన్నపూలు గుత్తులుగా పూయును. తొలకరి వానలు పడునప్పటికి అవి పచ్చని కాయలగును. పిదప ఎర్రబడి, తుదకు నేరేడుపండువలె నిగనిగలాడు నలుపు వహించును. బఠానీగింజంత యుండు ఆ పండ్లను మనము ముట్టము. కాని వానికొరకు కనిపెట్టుకొని యుండువారు వేరే కలరు. తెల్లవారీ తెల్లవారకమునుపే వారు మన పెరటిలోనికి వచ్చి, పిలువని పేరంటమునకు కూర్చుండి, తిని, పోవుదురు. ఈ వ్యాసము ఆ అతిథులను గూర్చియు, వారి ఛాయాచిత్రములను తీయు విధమును గూర్చియు.

నేనుండు ఊరు జుక్కల్. తెలంగాణమునకు పడమటి అంచున, మహారాష్ట్ర కర్ణాటక రాష్ట్రముల పొలిమేరలకు చేరువగా నున్నది. 2016వ సంవత్సరమువరకు నిజామాబాదు జిల్లాలో నుండి, ఆ యేడు కామారెడ్డి జిల్లాలో చేరినది. మా మండలములోనే కౌలాసు కోట కలదు. ఇక్కడ సంతలో నిలుచున్నచో తెలుగు, మరాఠీ, కన్నడము మూడును చెవిని బడును. నేల నల్లరేగడి. పొలములలో కంది, పెసర, పత్తి మొదలైన పైరులు పండును. ఇట్టి మెట్టసీమలో దట్టమైన అడవులు లేవు గనుక పక్షులును లేవని కొందరు తలంతురు. అది పొరపాటు. గట్లమీది రేగుకంపలు, ఊరి చివరి మర్రులు, ఇండ్ల వెనుకటి పెరడులు, ఇవియే ఆ పక్షులకు అడవులు.

మా కరివేపచెట్టుకు మొదట వచ్చునది పిగిలిపిట్ట. దీనినే బుల్‌బుల్ అందురు. ఇది జానెడు పొడవుండును. తల నలుపు, తలపై చిన్న జుట్టు. దేహము పొలుసులు తీర్చినట్లుండు గోధుమవన్నె. తోక మొదట క్రిందివైపున కుంకుమబొట్టు పెట్టినట్లు ఎరుపు. ఎగురునప్పుడు నడుముమీది తెల్లని మచ్చ మెరయును. పొరుగున కన్నడమువారు దీనిని పికళార అందురు. పిగిలి, పికళార! ఈ రెండు మాటలును ఒక తల్లి బిడ్డలు గాబోలునని నాకు తోచుచుండును. భాషాశాస్త్రజ్ఞులు ఏమందురో గాని, నా చెవికి మాత్రము ఆ పోలిక ఇంపుగా నుండును.

పిగిలిపిట్టలు జంటలుగా వచ్చును. ఒకటి తినుచుండగా రెండవది పైకొమ్మనుండి చూచుచుండును. అటుపిమ్మట కోకిల వచ్చును. మగకోకిల కారునలుపు, కన్ను రక్తమువలె ఎరుపు. ఆడుకోకిల గోధుమరంగున తెల్లచుక్కలు గలది. వసంతమున కూయు కోకిలను ఎరుగనివాడు లేడు గాని, ఆషాఢమున కరివేపపండ్లు మ్రింగు కోకిలను చూచినవారు ఎందరు? గోరువంకలు గుంపుగా వచ్చి కలహించుచు తినును. ఇంచుమించు పిచ్చుకంత ఉండి, మీసములును పచ్చని దేహమును ఎర్రని రొమ్ముపట్టెయు గల కంసాలిపిట్ట మర్రిపండ్లకు, రావిపండ్లకు వచ్చును. ‘టుక్కు టుక్కు’ మని రాగిచెంబుపై సుత్తితో కొట్టినట్లు మ్రోయు దాని కంఠమును మీరందరు వినియే యుందురు. అది కంసాలి పనియని తలచి యుందురు గాని, ఆ కంసాలి కొమ్మమీద కూర్చున్నాడని ఎరుగరు.

మన రాష్ట్రపక్షియైన పాలపిట్ట మాత్రము ఈ విందునకు రాదు. అది పురుగులను తినునది. దసరానాడు పాలపిట్టను చూడగోరువారు పెరటిలో పండ్లచెట్టు నాటి కాచుకొనుట వ్యర్థము. పొలములోని తీగలపైనను, స్తంభములపైనను వెదకవలెను.

పండునకును పక్షికిని గల బంధము చాల ప్రాచీనమైనది. చెట్టు నడువలేదు. తన బిడ్డలను, అనగా విత్తనములను, తన నీడనుండి దూరముగా పంపవలెను. నీడలోనే పడినచో అవి తల్లిచెట్టుతోనే ఎండకును నీటికిని పోరాడవలసి వచ్చును. అందుచేత చెట్టు విత్తనముచుట్టు తీయని కండను పేర్చి, దానికి రంగు వేసి, పక్షిని ఆహ్వానించును. పచ్చగా నున్నంతకాలము కాయ ఆకులలో కలిసిపోవును. ‘ఇంకను వేళ కాలేదు’ అని చెప్పుటయే అది. విత్తనము ముదిరిన పిదప ఎరుపో నలుపో వచ్చును. పక్షులకు రంగులను చూచు శక్తి మనకంటె హెచ్చు. మన కంటిలో రంగులను గుర్తించు కణములు మూడు తరగతులు మాత్రమే. పక్షుల కంటిలో సామాన్యముగా నాలుగు తరగతులు. మనకు గోచరింపని అతినీలలోహిత కిరణములను గూడ అనేక పక్షులు చూడగలవు. కనుక మనకు నల్లగా కనబడు కరివేపపండు పిగిలిపిట్టకు ఏ వన్నెతో కనబడునో మనము ఊహింపజాలము.

మిరపపండు సంగతి మరింత విచిత్రము. మిరపలోని కారము మనలను, ఎలుకలను, కోతులను దహించును. పక్షులకు ఆ కారము తెలియనే తెలియదు. వాని నోటిలో కారమును తాకి మంటను పుట్టించు ఏర్పాటు దానికి స్పందింపదు. అమెరికా ఖండమున అడవి మిరపపై పరిశోధించిన శాస్త్రజ్ఞులు 2001లో దీని ఆంతర్యమును ప్రకటించిరి. ఎలుకలవంటి జంతువులు మిరపగింజలను నమలి నాశనము చేయును. పక్షులు వానిని చెడకుండ విసర్జించును. అనగా మిరప తన కారముతో నమలువారిని తరిమి, మోయువారిని చేరదీయుచున్నది. మిరపపండు తిను రామచిలుకను చూచి మన పెద్దలు వింతపడుచుండిరి గదా! అయితే చిలుకకు ఈ పొగడ్త చెల్లదు. అది గింజలను గూడ ముక్కుతో పిండిచేయును. మంచి విత్తువాడు పిగిలియే.

ఇంకొక చిన్నవాని మాట చెప్పకుండ ఉండజాలను. మామిడికొమ్మలపై బదనిక యను పరాన్నజీవి మొక్కను మీరు చూచియుందురు. దాని పండు లోపల విత్తనము మిక్కిలి జిగురుగా నుండును. ఎనిమిది సెంటీమీటర్లు మాత్రమే యుండు ఒక పిట్ట ఆ పండునకు వచ్చును. ఆంగ్లమున దానిని ఫ్లవర్‌పెక్కర్ అందురు. మన దేశపు పక్షులలో అతి చిన్నవానిలో అది యొకటి. ఆ జిగురును వదలించుకొనుటకు అది కొమ్మకు రాచుకొనును. విత్తనము కొమ్మకు అంటుకొనును. బదనికకు కావలసినది నేల కాదు, కొమ్మయే! మామిడితోటవానికి ఈ పిట్టపై కోపము వచ్చుట సహజము. కాని పెరటిలో సింగపూరు చెర్రీ చెట్టున్నచో ఆ ఎర్రని చిన్నపండ్లకు ఈ పిట్ట ఏడాది పొడుగున వచ్చుచుండును.

ఇక ఏ చెట్లు నాటవలెనన్న ప్రశ్న. నాటుటకన్న పెరికివేయకుండుట ముఖ్యమని నా అభిప్రాయము. దొండతీగ, కామంచి, రేగు ఇవి వాటంతట అవియే మొలచును. వేసవిలో కంబళిపండ్లును మర్రిపండ్లును, తొలకరిలో నేరేడు, వేప, కరివేప, వానకాలము చివర దొండపండ్లు, చలికాలమున రేగుపండ్లు. ఇట్లు ఏ ఋతువున నైనను ఒక వడ్డన ఉండునట్లు చూచుకొన్నచో చాలును. నేరేడునకును మర్రికిని చిన్న పెరటిలో చోటు చాలదు. కరివేప, దొండ, కంబళి చాలును. ఒక వెడల్పాటి మట్టిపళ్లెమున రెండంగుళముల లోతున నీరు పోసి నీడలో నుంచవలెను. నిత్యము కడుగవలెను. మెట్టసీమలో ఏప్రిలు మే నెలలలో పండుకన్న నీరే గొప్ప ఆకర్షణము.

ఒక చెట్టును మాత్రము నాటరాదు. రంగురంగుల పూలగుత్తులతో కనులకింపుగా నుండు తలంబ్రాలచెట్టు, అనగా లాంటానా, అమెరికానుండి తోటల అలంకారమునకై మన దేశమునకు తేబడినది. దాని నల్లని పండ్లను పిగిలిపిట్టలు ఇష్టముగా తిని దేశమంతట చల్లినవి. నేడు అది అడవులలో పచ్చిక మొలవనీయని కంపయై కూర్చున్నది. ఇట్లే పిగిలిపిట్టయు మానవుని వెంట పరదేశములకు పోయినది. ఫిజీ, హవాయి మొదలైన పసిఫిక్ ద్వీపములలో అది నేడు తోటలను పాడుచేయు చీడగా లెక్కింపబడుచున్నది. మన పెరటి ముద్దుబిడ్డ అక్కడ దొంగ. చోటు మారినచో గుణము మారకపోయినను పేరు మారును.

మరియొక హెచ్చరిక. పక్షి తినుచున్నది గదా యని ఏ పండును మీరు నోట వేసికొనరాదు. కామంచి పచ్చికాయలు విషము. గురిగింజ నమలినచో ప్రాణాపాయము. పక్షి దేహము వేరు, మన దేహము వేరు.

ఇప్పుడు ఛాయాగ్రహణ విషయము. ఒకప్పుడు పక్షి జాతిని నిశ్చయించుటకు దానిని తుపాకితో కొట్టుటయే మార్గము. డాక్టరు సలీం ఆలీ 1931-32 సంవత్సరములలో నాటి హైదరాబాదు సంస్థానమున పక్షుల పరిశీలన జరిపెను. జుక్కల్ ప్రాంతము నాడు ఆ సంస్థానములోనిదే. ఆ పరిశీలన ఫలితములు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో 1933-34లలో వెలువడెను. పక్షులను అంతగా ప్రేమించిన ఆ మహాశయుడు గూడ నాటి శాస్త్రపద్ధతి ననుసరించి పక్షులను చంపి చర్మములను భద్రపరుపవలసి వచ్చెను. అట్టి సంగ్రహములనుండియే నేటి మన జ్ఞానము పుట్టినది. కాని నేడు కరివేపచెట్టుపై కూర్చున్న పిట్ట ఏదో తెలిసికొనుటకు తుపాకి అక్కరలేదు. తేదీతో కూడిన స్పష్టమైన ఛాయాచిత్ర మొకటి చాలును.

కెమెరాతో పక్షిని సమీపించుట తొలుత ఎంత కష్టముగా నుండెనో కెర్టన్ సోదరుల చరిత్రవలన తెలియును. ఇంగ్లండు దేశపు రిచర్డు కెర్టన్, చెర్రీ కెర్టన్ అను అన్నదమ్ములు 1892లో గ్రుడ్లతో కూడిన పక్షిగూటిని ఛాయాచిత్రముగా తీసిరి. 1895లో వెలువడిన వారి పక్షిగూళ్ల గ్రంథము ఆద్యంతము ఛాయాచిత్రములతోనే అలంకరింపబడిన తొలి ప్రకృతి గ్రంథములలో నొకటి. పక్షులు తమను గుర్తింపకుండుటకై వారు ఒక ఎద్దు చర్మమును లోపల బోలుగా నిలిపి, అందులో దాగి, కెమెరాను పట్టుకొని గంటలకొలది నిలిచెడివారు. నాకు ఆ ఎద్దు అక్కరలేకపోయినది. మా గొల్లకురుమలు నేసిన నల్లగొంగడి నొకదానిని కప్పుకొని కూర్చున్నచో పిగిలిపిట్ట నన్ను ఒక రాయిగా భావించును. చలికాలపు ఉదయమున వెచ్చదనము అదనపు లాభము.

నా చిన్ననాట క్లిక్-త్రీ అను పెట్టెకెమెరాలు ప్రచారములో నుండెడివి. ఒక ఫిల్ముచుట్టకు పండ్రెండు బొమ్మలు మాత్రమే. దానితో నేనొకసారి గోరువంకను తీయబూనితిని. బొమ్మ కడిగి వచ్చినప్పుడు ఆకాశము, గోడ, గోడమీద ఒక చుక్క కనబడెను. ఆ చుక్కయే గోరువంకయని ఇంటివారిని నమ్మించుటకు చాల శ్రమపడితిని. ఆ లోపము కెమెరాది కాదు, దూరముది. వస్తువునకు దూరము రెట్టింపైనచో చిత్రములో దాని వైశాల్యము నాలుగవ వంతగును. మూడురెట్లైనచో తొమ్మిదవ వంతగును. కావున పొడవైన కటకము కావలెను, లేదా పక్షి దగ్గరకు రావలెను. పొడవైన కటకమునకు వేలకొలది రూపాయలగును. పక్షిని రప్పించుటకు ఒక కరివేపమొక్క చాలును. పెరటి ఛాయాగ్రహణములోని కిటుకంతయు ఇందులోనే యున్నది.

మా చెట్టు ఇంటికి ఉత్తరముగా, కిటికీకి పదునెనిమిది అడుగుల దూరమున నున్నది. కిటికీకి ఒక పాతచీర కట్టి, కటకము పట్టునంత రంధ్రము చేసితిని. ఆ చీరను ఒకనాడు కట్టి మరునాడు తీసినచో లాభము లేదు. పక్షులు క్రొత్తవస్తువును అనుమానించును. నాలుగైదు దినములు అది అక్కడనే వ్రేలాడినచో గోడలో భాగమని తలచి మరచిపోవును. పక్షి భయపడునది రూపమునకు కాదు, కదలికకు. అందుచేత కెమెరాను త్రిపాదిపై నిలిపి, ఏ కొమ్మపై పక్షి వ్రాలునో దానికి ముందే గురిపెట్టి యుంచవలెను. పక్షికి అలవాట్లు కలవు. పండ్లగుత్తిపై వ్రాలుటకు ముందు అది ఒక బోడికొమ్మపై కూర్చుండి నలుదిక్కులు చూచును. రెండుదినములు కెమెరా లేకుండ చూచినవానికి ఆ కొమ్మ ఏదో తెలియును. మా ఇంట అది దండెము కట్టిన వెదురుగడ. గుడ్డలు ఆరవేసినచో ఆనాటికి చిత్రము లేదు. ఈ విషయమై ఇంట కొంత వాదము జరిగినదని ఒప్పుకొనుచున్నాను.

వెలుగు మంచిదిగా నుండువేళ సూర్యోదయమైన రెండుగంటలలోపల. మా కిటికీనుండి చూచువారికి ఉదయపు టెండ కుడిప్రక్కనుండి ఏటవాలుగా చెట్టుపై బడును. ఆ వెలుగున ఈకలలోని ప్రతి పొలుసును విడివిడిగా కనబడును. మధ్యాహ్నపు ఎండలో పిగిలి తల బొగ్గుముద్దవలె నుండును. పక్షి వెనుక ఆకాశము తెల్లగా నున్నప్పుడు మరియొక చిక్కు. దీపమునకు ముందు నిలిచిన మనిషి ముఖము మనకు నల్లగా కనబడును గదా! కెమెరాయు అట్లే ఆకాశపు వెలుగును చూచి భ్రమపడి పక్షిని నల్లబరచును. అప్పుడు కెమెరాకు ‘ఇంకను కొంచెము వెలుగు లోనికి రానిమ్ము’ అని చెప్పవలెను. ఆ పనికి ప్రతి కెమెరాలోను ఒక మీట యుండును. మగకోకిలను తీయునప్పుడు ఈ నేర్పు లేనిదే కన్ను తప్ప మరేమియు కనబడదు.

పక్షి కూర్చున్నను నిశ్చలముగా నుండదు. తల ఇటునటు త్రిప్పుచునే యుండును. ఆ కదలికను నిలుపుటకు కెమెరా తెర సెకనులో అయిదువందలవ వంతుకన్న హెచ్చుకాలము తెరచియుండరాదు. ఎగురుపక్షికి వేయవ వంతు, లేదా అంతకన్న తక్కువ కావలెను. కూర్పు పక్షి కంటిమీద నిలువవలెను. తోక మసకబారినను బాధలేదు. కన్ను మసకబారినచో చిత్రము ప్రాణములేని దగును. కంటిలో ఒక వెలుగుచుక్క మెరసినచో పక్షి మనలను చూచుచున్నట్లే యుండును. నేటి కెమెరాలు సెకనుకు పది ఇరువది చిత్రములు తీయగలవు. నాకు అది అంతగా నచ్చదు. మీట నొక్కిపట్టినవాడు చూచుట మరచును. పండును ముక్కుకొనతో పట్టి, తల వెనుకకు విసరి, నోటిలోనికి జార్చుకొను ఆ క్షణమును ముందుగా ఊహించి ఒక్కసారి నొక్కి, దానిని పట్టుకొన్నప్పుడు కలుగు సంతోషము వేరు. కెమెరా లేనివారు నిరాశపడ నక్కరలేదు. దుర్భిణి కంటిగాజునకు చేతిఫోనును ఆనించి తీసిన చిత్రమువలన గూడ పక్షిజాతిని గుర్తింపవచ్చును.

ఇంతవరకు చెప్పినవి నేర్పులు. ఇకమీదటిది నా తప్పు. దానిని దాచి ఈ వ్యాసము ముగించుట న్యాయము కాదు.

ఏడెనిమిదేండ్ల క్రిందట మా మందారపొదలో పిగిలిజంట గూడు కట్టెను. గులాబిరంగున ఎర్రని చుక్కలు గల గ్రుడ్లు మూడు. రెండువారములకు మూడును పిల్లలైనవి. తల్లిదండ్రులు కరివేపపండ్లను, గొంగళిపురుగులను తెచ్చి నోళ్లలో పెట్టుచుండుట కిటికీనుండి కనబడుచుండెను. కాని గూటిమీదికి ఒక ఆకులరెమ్మ వాలియుండి చిత్రము స్పష్టముగా రాకుండెను. ఒక రెమ్మయే గదా యని నేను ఉదయమున పోయి దానిని నూలుదారముతో ప్రక్కకు లాగి కట్టితిని. తరువాత గంటసేపు తీసిన చిత్రములు నా జీవితములో తీసినవానిలోకెల్ల శ్రేష్ఠమైనవి. మూడు ఎర్రని నోళ్లు తెరచియున్నవి, తల్లి ముక్కున నల్లని పండు, కంటిలో వెలుగుచుక్క. పది గంటలకు ఎవరో పిలువగా బయటికి పోయి, దారము విప్పుట మరచితిని.

మధ్యాహ్నము తిరిగివచ్చునప్పటికి పొదలో జెముడుకాకి యుండెను. అది పక్షిపిల్లలను తిను పక్షి. దానిని తరుమబోయితిని గాని గూడు అప్పటికే ఖాళీయైనది. ఆ రెమ్మ గూటికి ఎండ తగులకుండ గొడుగు, శత్రువునకు కనబడకుండ తెర. ఆ తెరను నేనే తొలగించితిని. పిగిలిజంట సాయంకాలమువరకు ముక్కులలో పురుగులు పట్టుకొని ఆ పొదచుట్టు తిరిగినవి. జెముడుకాకిని నేను నిందింపను. దాని గూటిలోను పిల్లలుండవచ్చును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపక్షుల గ్రుడ్లను, గూళ్లను కదలించుటను గూడ వేట క్రిందనే లెక్కించినది. ఆ మాట చదివినప్పుడెల్ల నాకు ఆ నూలుదారము జ్ఞప్తికి వచ్చును. కొంతకాలమునకు మా బడిపిల్లవాడొకడు ఇంటికి వచ్చి ఆ చిత్రమును చూచి, “సార్, ఈ పిల్లలు ఎగిరిపోయినవాండి?” అని అడిగెను. నేను సమాధానము చెప్పలేకపోతిని. ఆ చిత్రమును గోడనుండి తీసివేసితిని గాని పారవేయలేదు.

అప్పటినుండి గూళ్లవద్దకు కెమెరా తీసికొనిపోవుట మానితిని. పండ్లచెట్టు చిత్రములకు ఆ దోషము లేదు. అక్కడికి పక్షి తన ఇచ్ఛతో వచ్చును, తన ఇచ్ఛతో పోవును. దానికి ఇష్టము లేనిచో ఒక్క రెక్కవిసురున మన చిత్రము ముగియును. పక్షికూతను యంత్రమున వినిపించి దానిని రప్పించువారు కొందరు కలరు. ఆ పద్ధతియు నాకు సమ్మతము కాదు. తన హద్దులోనికి శత్రువు వచ్చెనని ఆ పిట్ట తిండి మాని వెదకుచుండును.

చిత్రముతోపాటు తేదీ, వేళ, తినిన పండు వ్రాసియుంచుట మంచి అలవాటు. నా నోటుపుస్తకమున పదునొకండేండ్ల లెక్కలు కలవు. మధ్య ఆసియా ప్రాంతములలో గ్రుడ్లుపెట్టి మన దేశమునకు వలసవచ్చు గులాబి గోరువంకలు ఏ దినమున మా ఊరి మర్రికి చేరినవో, పసుపుపచ్చని వంగపండుపిట్ట ఏ దినమున కనబడినదో అందులో నున్నది. ఇట్టి లెక్కలు ఒక్కరివి గొప్పవి కావు. వేలమందివి కూడినప్పుడు శాస్త్రమునకు ఉపకరించును. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అను పెరటిపక్షుల గణన ఏటేట ఫిబ్రవరి నెలలో నాలుగు దినములు ప్రపంచమంతట జరుగును. మన దేశము 2013నుండి అందులో పాల్గొనుచున్నది. కనీసము పదునైదు నిముషములు ఒకచోట నిలిచి, చూచిన పక్షులను లెక్కించి తెలుపుటయే అందులోని పని. ఆ పదునైదు నిముషములు కదలక మెదలక నిలుచుట ఎనిమిదవ తరగతివారికి కొంచెము కష్టమే. పరీక్షించి చూడుడు.

మొన్నటి వానకాలమున దండెపు వెదురుగడ మొదట, మందారపొద ప్రక్కన ఒక చిన్నమొక్క మొలచినది. ఎదురెదురుగా నున్న నున్నని ఆకులు. ఏమి మొక్కయో మొదట తెలియలేదు. పెరికివేయబోయిన పనిమనిషిని ఆపితిని. కొంచెము పెరిగిన పిదప అది శ్రీగంధపు మొక్కయని తెలిసినది. మా వాడకట్టులో ఎక్కడను శ్రీగంధము లేదు. దాని నల్లని పండ్లను పిగిలిపిట్టలును కోకిలలును తినును. శ్రీగంధపు వేరు పొరుగుమొక్కల వేరులనుండి కొంత ఆహారము గ్రహించుకొని బ్రతుకును. పిట్ట దానిని మందారము ప్రక్కన విడుచుట ఎంత చక్కగా కుదిరినదో చూడుడు. ఇంటివారు దండెమును రెండుగజములు జరిపి కట్టిరి. ఆ మొక్క నేడు నా మోకాలియెత్తున నున్నది. నిన్న ఉదయము దాని చిత్రము నొకటి తీసి, నోటుపుస్తకమున పక్షుల పట్టీలోనే అంటించితిని.